ముందున్న ఒకటి

ఆ రోజూ వానే. చిలోయె దీవిలో
వాన పడని రోజునే గుర్తుపెట్టుకుంటాం కాబట్టి
ఆ సంగతి చెప్పడం దండగ.

నా పేరు బెలార్మీనో. పడవ నడుపుతాను.
తెల్లారేసరికి ఒతీలియా చిగువాయ్‌ని
సాల్మన్ చేపల వలల దగ్గర దించి,
చచ్చినవాటిని ఆమె లెక్కపెట్టేదాకా
ఇంజను ఆపి, మాతే తాగుతూ కూచోవడం.
తొమ్మిదేళ్ళ కొలువు.

ఆమె లెక్కపెట్టడం మీరు చూడాల్సింది.
ఒక్కో చేపనీ రెండు చేతుల్లోకి తీసుకుని
మొప్ప ఎత్తి చూసి
తొట్టిలో పడుకోబెట్టేది. విసిరేది కాదు.
వంద కాగానే ఒక గులకరాయి
కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

మామూలు రోజుల్లో ఒక రాయి, మహా అయితే రెండు.
ఆ మార్చి నెలలో ఒకనాడు
పదహారు రాళ్ళు మారాయి, పైన నలభై చేపలు.
పడవెక్కినప్పుడు ఆమె ఒక పక్కకి ఒరిగి నడిచింది.

మేనేజరు ఇబార్రా కేకలెయ్యలేదు.
కేకలేసి ఉంటే నాకు కొంచెం సుళువయ్యేది.
కుర్చీ జరిపాడు, కాఫీ పోశాడు,
ఆమె తడి కోటు తనే పొయ్యి దగ్గర ఆరేశాడు.
"ముందున్న ఒకటి తీసెయ్ ఒతీలియా, చాలు.
ఆరువందల నలభై. మిగతా అంకెలన్నీ నీవే కదా.
ఒక్క గీత, చేప ముల్లంత.
అది ఉంటే వలలు మూస్తారు.
మీ నోల్ఫా మొగుడితో కలిపి
రెండువందల పన్నెండు మంది ఇంటికెళతారు."

ఆమె చాలాసేపు కాఫీ వంకే చూసింది.
చెల్లెలి పేరు వినగానే పెదవి వణికింది, నేను చూశాను.
తర్వాత అంది:
"చచ్చినవాటిని బతికించే విద్య నాకు రాదు సార్."

ఆయన నా వైపు తిరిగాడు.
"పడవలో నువ్వూ ఉన్నావుగా, ఎన్ని?"

నాకు లెక్కలు రావండీ, అన్నాను.

తొమ్మిదేళ్ళుగా ఆ రాళ్ళు మారుతుంటే
ఆమెతోపాటు లోలోపల లెక్కపెట్టినవాణ్ణి.
ఆమె నా మొహంలోకి చూడలేదు.
చూసి ఉంటే ఏమయ్యేదో.
ఏమీ అయ్యుండేది కాదు. నన్ను నేనెరుగుదును.

వలలు మూశారు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు ఊళ్ళో.
ఆమె లెక్కపెట్టింది చేపల్ని.
చర్చిలో ఆమె కూచున్న బల్ల మీద
ఇంకెవరూ కూచోవడం మానేశారు.
నోల్ఫా తలుపు తియ్యలేదు, లోపల దీపం వెలుగుతూనే ఉంది.
ఎవరో కుళ్ళిన సాల్మన్‌ని ఆమె గుమ్మానికి వేలాడదీస్తే
దింపి, బంగాళాదుంపల మడిలో పాతిపెట్టింది.
మొప్ప ఎత్తి చూసిందో లేదో తెలీదు.
చూసే ఉంటుంది.

న్యాయం గెలిచిందనుకునేరు, లేదు.
వసంతానికి కంపెనీ తిరిగొచ్చింది,
పట్నం నుంచి కొత్త కుర్రాణ్ణి తెచ్చుకుంది.
వాడు చేపల్ని పారతో ఎత్తి తోస్తాడు,
అంకె ఆఫీసులోనే తయారవుతుంది.
నా కొలువు నాకొచ్చింది. జీతం కూడా పెంచారు,
ఎందుకో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న రేవులో ఒతీలియా
బంగాళాదుంపలు అమ్ముతోంది.
తప్పించుకుపోదామనుకున్నాను, వానకి దారంతా బురద.
"ఆరు కిలోలు" అన్నాను నేలచూపులు చూస్తూ,
డబ్బిచ్చి సంచీ భుజాన వేసుకున్నాను.
పదడుగులు వెయ్యలేదు, వెనక నుంచి పిలుపు.
"బెలార్మీనో, ఆగు. రెండువందల గ్రాములు తక్కువుంది.
దుంపలు అయిపోయాయి."

పర్లేదన్నాను, ఉంచుకోమన్నాను.
ఆమె వానలోకి దిగి వచ్చి
నా గుప్పిట విప్పి
చిల్లర అందులో పెట్టింది.

ఎంత అని చూసుకోలేదు.
ఇంటిదాకా గుప్పిట తెరవలేదు.